పొట్లం వెనుక చిన్న అక్షరాలు

బ్రిటనులో ఏ పట్టణంలోనైనా సరే, సూపర్ మార్కెట్లో బిస్కెట్లు, చాకొలెట్లు పేర్చిన అరల ముందు కొద్దిసేపు నిలబడితే ఒక విచిత్రమైన కొనుగోలుదారు కనిపించక మానరు. పొట్లం అందుకుంటారు. ముందువైపు ఉన్న నోరూరించే బొమ్మ వంక కన్నెత్తి చూడరు. వెంటనే దానిని వెనుకకు తిప్పి, కంటికి దగ్గరగా పెట్టుకొని, ఆవగింజలంతేసి అక్షరాలను కూడబలుక్కుంటూ చదువుతారు. సగం చదివేసరికి ముఖం చిన్నబోతుంది. పొట్లం మళ్ళీ అర ఎక్కుతుంది. మరొకటి చేతికి వస్తుంది.

ఇలా చదివేవారిలో చాలామంది వీగన్లు. మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, చివరకు తేనె సైతం, ప్రాణి నుండి వచ్చే దేనినీ వారు ముట్టరు. మనకు ఈ నియమం కొంచెం వింతగానే తోస్తుంది. మన ఊళ్ళలో హోటలు బోర్డు మీద 'ప్యూర్ వెజిటేరియన్' అని రాసి ఉన్నదంటే లోపల నేతికి, పెరుగుకు లోటుండదని అర్థం. శాకాహారానికీ పాడికీ మన మనసులో విరోధం లేదు సరికదా, చుట్టరికం ఉన్నది. బ్రిటనులో చదువుకోవడానికి వెళ్ళిన తెలుగు విద్యార్థి తాను శాకాహారినని చెప్పి కోడిగుడ్డు వేసిన కేకు చూసి కంగారుపడవచ్చు. అదే విద్యార్థి పాలకోవాను వద్దని తోసిపుచ్చే శాకాహారిని చూసి అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపడవచ్చు.

వీగన్ అనే మాట వయస్సు ఎనభై ఏళ్ళు దాటింది. 1944 నవంబరులో, యుద్ధం ఇంకా ముగియకముందే, డొనాల్డ్ వాట్సన్ అనే ఉపాధ్యాయుడు మరి కొందరితో లండనులో సమావేశమై వీగన్ సొసైటీని స్థాపించాడు. ఆయన పిల్లలకు వడ్రంగం నేర్పేవాడు. 'వెజిటేరియన్' అనే ఆంగ్ల పదంలోని మొదటి మూడు అక్షరాలనూ చివరి రెండు అక్షరాలనూ అతికి ఈ కొత్త మాట తయారుచేశారు. వడ్రంగి చేసిన అతుకులాగే అది గట్టిగా నిలిచింది. అంతకు దాదాపు నూరేళ్ళ క్రితమే, 1847లో, రామ్స్‌గేట్ పట్టణంలో శాకాహార సంఘం పుట్టి ఉన్నది. కాని ఆ సంఘం లెక్కలో పాలు, గుడ్లు శాకాహారమే. ఆవు ఈనితేనే గదా పాలు, ఆ ఈనిన దూడల్లో మగవి ఏమవుతున్నాయి, పాలు తగ్గిన ఆవు ఎక్కడికి పోతున్నది అని అడిగినవారికి ఆ లెక్క సరిపోలేదు. వారు ఈ ప్రశ్న వేసిన నాటికి బ్రిటనులో మిఠాయిలకు రేషను నడుస్తున్నది. 1942లో మొదలైన ఆ రేషనును 1953 ఫిబ్రవరిలో గాని శాశ్వతంగా ఎత్తివేయలేదు. కనుక తొలినాటి వీగన్లకు చాకొలెట్ వదులుకోవడం పెద్ద త్యాగమై ఉండదు. దొరికితే గదా వదులుకోవడానికి!

నిజానికి చాకొలెట్ కథలోకి పాలు ఆలస్యంగానే ప్రవేశించాయి. అచ్చు పోసి, కొరుక్కుని తినడానికి వీలైన చాకొలెట్ బిళ్ళను బ్రిస్టలు నగరంలోని ఫ్రై కంపెనీ 1847లో తయారు చేసింది. శాకాహార సంఘం పుట్టిన సంవత్సరమే అది. కాకతాళీయమే కావచ్చు గాని ముచ్చటైన సంగతి. కోకో పొడి, పంచదార, కోకో గింజ నుండి పిండిన కొవ్వు, ఇంతే అందులోని సరుకు. అదే కంపెనీ 1866లో ప్రవేశపెట్టిన చాకొలెట్ క్రీమ్ అనే బిళ్ళ, పేరులో క్రీమ్ ఉన్నప్పటికీ, పాలు కలపనిదిగా వీగన్లలో చాలాకాలంగా పేరుపొందింది. స్విట్జర్లాండులోని వెవే పట్టణంలో డేనియల్ పీటర్ అనే వ్యక్తి గట్టిపరచిన పాలను కోకోతో కలిపి పాల చాకొలెట్ సాధించినది 1875లో. 1905లో క్యాడ్బరీ కంపెనీ డెయిరీ మిల్క్‌ను విడుదల చేసింది. ఆ తరువాత బ్రిటిషు నాలుక పూర్తిగా పాల వశమైపోయింది. 1928 నుండి ఆ కంపెనీ గ్లాసున్నర పాలు పోసినట్లు ప్రకటనలు ఇచ్చి, పాలనే చాకొలెట్ గొప్పతనంగా చాటుకొన్నది. ఆ ముచ్చట తరువాత తరాలకు సంప్రదాయమైంది. ఒకప్పుడు అందరూ తిన్న చాకొలెట్‌నే ఇప్పుడు వీగన్ ప్రత్యేకంగా వెతుక్కోవలసి వస్తున్నది.

నల్ల చాకొలెట్‌లో పాలుండవు గదా అని కొత్తవారు అనుకుంటారు. అన్నిటికీ అది చెల్లదు. కొన్ని నల్ల చాకొలెట్లలో వెన్నకొవ్వు కలుపుతారు. దానివల్ల బిళ్ళ కొంచెం మెత్తబడుతుంది. నిలవ ఉన్నప్పుడు పైన తెల్లగా బూజువలె తేలే పొర త్వరగా రాదు. ఇలా తయారీదారుకు సౌకర్యమైనది తినేవారికి చిక్కు. ఇందుకు విపర్యయంగా, 'కోకో బటర్' అన్న మాట చూసి బెదిరి పొట్లం కింద పెట్టేసేవారూ ఉంటారు. అందులో వెన్న లేదు. అది కోకో గింజలోని కొవ్వు. 'లాక్టిక్ ఆమ్లం' పేరులో పాల వాసన ఉన్నా, ఆహార పరిశ్రమ దానిని సాధారణంగా చక్కెరలు పులియబెట్టి తీస్తుంది. 'లాక్టోజు' మాత్రం అచ్చంగా పాల చక్కెర. పేర్లు ఎంత మోసం చేస్తాయో ఇక్కడ తెలిసినంతగా మరెక్కడా తెలియదు.

క్రిస్ప్స్ దగ్గర ఈ మోసం వినోదంగా మారుతుంది. మనం చిప్స్ అనే బంగాళాదుంప వేపుడు రేకులను వారు క్రిస్ప్స్ అంటారు. మాంసం రుచి, రొయ్యల రుచి అని పేరు పెట్టుకొన్న కొన్ని రకాలలో మాంసం గాని, రొయ్య గాని మచ్చుకైనా ఉండదు. ఈస్టు సారం, చక్కెర, మసాలాలు కలిసి ఆ భ్రమ కలిగిస్తాయి. ఉప్పు, వెనిగరు అని అమాయకమైన పేరున్న పొట్లంలో మాత్రం ఒక్కొక్కప్పుడు పాల పొడి నక్కి ఉంటుంది, పులుపును దుంప రేకుకు అంటించడానికి. కనుక తెలిసిన వీగన్ రొయ్య బొమ్మ ఉన్న పొట్లాన్ని నిశ్చింతగా కొనుక్కొని, పచ్చటి ఆకుల బొమ్మ ఉన్నదానిని అక్కడే వదిలిపోవడం జరుగుతుంది. చూసేవారికి ఇది తలకిందుల వ్యవహారంగా తోచడంలో వింత లేదు.

పొట్లం వెనుక ఇంత వివరం ఎవరికోసం అచ్చవుతున్నది? వీగన్ల కోసం కాదు. కొన్ని పదార్థాలు పడక ప్రాణం మీదికి తెచ్చుకునే ఎలర్జీ రోగుల కోసం. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన నిబంధన 2014 డిసెంబరు నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పాలు, గుడ్లు, గోధుమవంటి ధాన్యాలు, వేరుశెనగ, నువ్వులు మొదలైన 14 రకాల పదార్థాలను పట్టికలో ప్రస్ఫుటంగా చూపాలి. సాధారణంగా వాటిని లావుపాటి అక్షరాలలో అచ్చు వేస్తారు. యూనియను నుండి వైదొలగిన తరువాత కూడా బ్రిటను ఈ నియమాన్ని ఉంచుకొన్నది. అందుచేత 'పాలు' అన్న మాట ఎంత పొడుగు జాబితాలో ఉన్నా కంటికి తగులుతుంది. చీజ్ చేసినప్పుడు విరిగిన పాల నుండి వేరయ్యే తేటనీటి పొడి పేరు ఏదైనా, దాని పక్కన పాలు అని చెప్పక తప్పదు. పరుల కోసం వెలిగించిన దీపం వెలుగులో వీగన్ తన దారి చూసుకుంటున్నాడు.

అయితే ఆ దీపం అన్ని మూలలకూ వెలుగునివ్వదు. ఎముకలు, చర్మాలు ఉడికించి తీసే జెలటిన్ ఆ పద్నాలుగింటిలో లేదు. కాచినీల్ అనే పురుగును ఎండబెట్టి తీసే ఎర్ర రంగు లేదు. దానికి ఇ120 అని అంకె. తేనె మైనం ఇ901, లక్క ఇ904. మిఠాయి బిళ్ళలు నిగనిగలాడడానికి ఈ రెండూ పూస్తారు. లక్క అంటే మనకు గాజులు, ముద్రలు, పాండవుల లక్క ఇల్లు గుర్తుకు వస్తాయి గాని పిల్లలు చప్పరించే బిళ్ళ గుర్తుకు రాదు. లక్క పురుగు కొమ్మ మీద విసర్జించే ఆ జిగురుకు మన దేశమే ప్రసిద్ధి. ఇవన్నీ మామూలు అక్షరాలలో, మామూలు అంకెలలో దాగి ఉంటాయి. వాటిని కంఠస్థం చేసినవారికే అంతు చిక్కుతాయి. మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలవారు 1992 నుండి అమ్ముతున్న పెర్సీ పిగ్ అనే పంది ముఖం ఆకారపు మిఠాయిలో ఒకప్పుడు పంది జెలటినే ఉండేది. పోనీ, పేరుకు తగిన సరుకే అనుకోవాలి. 2019లో ఆ జెలటిన్‌ను తీసివేశారు. శాకాహారులు సంబరపడ్డారు. వీగన్లు యథాప్రకారం, మైనం ఉన్నదేమోనని పొట్లం వెనుకకు తిప్పారు.

ఈ వెతుకులాట కొత్తది కాదు. 1888లో పద్దెనిమిదేళ్ళ గుజరాతీ యువకుడొకడు న్యాయశాస్త్రం చదవడానికి లండను చేరాడు. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చాడు. కడుపు నిండక వీధులు తిరిగి తిరిగి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార భోజనశాలను కనుగొన్నప్పుడు ఆయనకు కలిగిన ఆనందం ఆత్మకథ చదివినవారెవరూ మరచిపోరు. అంతకంటె ముఖ్యమైనది తరువాతి ఘట్టం. మాంసం అంటే ఏమిటన్న దానికి ఇంగ్లండులో పలు నిర్వచనాలున్నట్లు గాంధీజీ తెలుసుకొన్నారు. ఒక నిర్వచనం ప్రకారం గుడ్లు మాంసం కాదు. ఆ వాదానికి లోబడి కొంతకాలం గుడ్లు తిన్నారు. పిమ్మట ఆలోచించుకొన్నారు: మాట పుచ్చుకొన్నది తల్లి, ఆ మాటకు అర్థం చెప్పే హక్కు ఆమెదే, ఆమె దృష్టిలో గుడ్డు మాంసమే. అప్పటి నుండి శాకాహార భోజనశాలలో కూడా ఏ కేకులో, ఏ పుడ్డింగులో గుడ్డు పడిందో అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఆనాడు పొట్లం మీద పట్టికలు లేవు. సిగ్గు విడిచి మనిషిని అడగడమొకటే మార్గం.

పాల విషయంలో ఆయన పడిన యాతన ఇంకా లోతైనది. 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేశారు. 1918లో జబ్బుపడి మంచం పట్టినప్పుడు, మీరు ప్రతిజ్ఞ చేసినప్పుడు మీ మనసులో ఉన్నవి ఆవు పాలు, గేదె పాలే గదా, మేక పాలకు అభ్యంతరమేమిటని కస్తూరిబా అడిగారు. ఆయన ఒప్పుకొన్నారు, బతికారు. కాని ప్రతిజ్ఞలోని అక్షరాన్ని నిలుపుకొని ఆత్మను పోగొట్టుకొన్నానన్న బాధ ఆయనను వదలలేదు. ఆ కాలానికి వీగన్ అన్న మాటే లేదు. కాని నేటి వీగన్ చాకొలెట్ అరల ముందు ఎదుర్కొనే ప్రశ్న ఇదే: నియమానికి అర్థం చెప్పేది ఎవరు? తినేవారా, తయారుచేసేవారా, చట్టమా? ఆశ్చర్యమేమంటే, వీగన్ అనే మాటకు బ్రిటిషు చట్టంలో నిర్వచనం లేదు. వీగన్ సొసైటీ 1990 నుండి పొద్దుతిరుగుడు పువ్వు గుర్తుతో తన ముద్ర ఇస్తున్నది. తక్కిన చోట్ల కంపెనీ మాటే ప్రమాణం.

కంపెనీ మాట మారితే ఏమవుతుందో 2007 మే నెలలో తెలిసింది. మార్స్, స్నికర్స్, ట్విక్స్, మాల్టీజర్స్ తయారుచేసే కంపెనీ, వాటిలో వాడే పాలతేట పొడిని ఇకమీదట దూడ కడుపు నుండి తీసిన రెన్నెట్‌తో విరిచిన పాల నుండి కూడా తీసుకుంటామని ప్రకటించింది. పైకి ఏ మార్పూ లేదు. రుచి అదే, రంగు అదే, ఖరీదు అదే. కాని తరతరాలుగా ఆ బిళ్ళలు తిన్న శాకాహారులు, వారిలో మన దేశం నుండి వెళ్ళి స్థిరపడినవారూ ఉండవచ్చు, ఒక్కసారిగా ఉలిక్కిపడ్డారు. ఆరువేల మందికి పైగా కంపెనీకి తమ నిరసన తెలిపారు. 40 మంది పార్లమెంటు సభ్యులు సంతకాలు చేశారు. వారం తిరగకముందే కంపెనీ తప్పు ఒప్పుకొని పాత పద్ధతికి మళ్ళింది. కనబడని ఒక్క దినుసు కోసం జనం అంత కదలడం చిన్న సంగతి కాదు. నోటికి తెలియని దానిని మనసు పట్టించుకొన్నది. వీగన్లకు ఆ విజయం వల్ల ఒరిగిందేమీ లేదనుకోండి; పాలతేట ఏ పద్ధతిలో తీసినా వారికి నిషిద్ధమే.

పట్టిక అంతా చదివి, అభ్యంతరకరమైనది ఏదీ లేదని తేలిన తరువాత, చిట్టచివర ఒక వాక్యం ఎదురవుతుంది: పాలు ఉండే అవకాశం ఉన్నది. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఇదేమి తిరకాసు? పాలు కలిపారా, లేదా?

కలపలేదు. కాని పాల చాకొలెట్ పోసిన యంత్రంలోనే దీనినీ పోశారు. కడిగి పోయరాదా అంటే, చాకొలెట్ యంత్రాన్ని నీటితో కడగడం కష్టం. కరిగిన చాకొలెట్‌లో చుక్క నీరు పడితే అది బిగుసుకొని ముద్దకట్టిపోతుంది. అందువల్ల ముందటి సరుకును తరువాతి చాకొలెట్‌తోనే తోసివేస్తారు. ఎంత తోసినా మూలల్లో కొంత మిగలవచ్చు. ఆ మిగులు గురించిన హెచ్చరిక ఇది.

మడి, ఎంగిలి, వేరు గరిటె, వేరు గిన్నె అనే ఆచారాల మధ్య పెరిగిన మన తెలుగువారికి ఈ వాక్యం ఒక అర్థంలో వెంటనే తెలుస్తుంది, ఇంకొక అర్థంలో దారి తప్పిస్తుంది. అంటు తగిలింది కనుక వస్తువే మైలపడిందని మనవారి సహజమైన ఊహ. వీగన్ నియమం ఆ దారిది కాదు. తన కోసం పశువును హింసించరాదన్నదే అందులోని భావం. యంత్రం మూలలో మిగిలిన మరక కోసం ఎవరూ మరొక ఆవును పితకరు. శక్యమైనంత వరకు, ఆచరణకు వీలైనంత వరకు అన్న మాట వీగన్ సొసైటీ తన నిర్వచనంలోనే చేర్చుకొన్నది. కనుక ఈ హెచ్చరిక ఉన్న వస్తువును వీగన్ తినవచ్చుననే ఆ సంఘం అభిప్రాయం. దీనిని కొందరు రాజీ అంటారు. రాజీ కాదు, దేనికోసం నియమం పట్టారో జ్ఞాపకం ఉంచుకోవడం.

కాని అదే వాక్యం ఎలర్జీ ఉన్న మనిషికి యమపాశం. 2017 డిసెంబరులో బాత్ నగరంలో, పాలు బొత్తిగా పడని ఒక తల్లి, పాలు లేవన్న కొబ్బరి పెరుగు రాసిన రొట్టె చుట్ట తిని ప్రాణాలు కోల్పోయింది. ఆ పెరుగులోకి పాల ప్రోటీను ఎక్కడి నుండి వచ్చిందో 2022లో జరిగిన విచారణలో బయటపడింది: పెరుగును చిక్కబరచడానికి వాడిన పిండిపదార్థం, దూరాన వేరొక కర్మాగారంలో, పాలున్న సరుకులు తయారయ్యే చోట తయారైంది. తినేవారికి, అమ్మేవారికి, చేసేవారికి వెనుక ఇంకెవరో ఉన్నారు. వీగన్ అన్న ముద్ర తినేవారి మనస్సాక్షికి ఇచ్చే మాట; పాలు లేవు అన్నది ప్రాణానికి ఇవ్వవలసిన హామీ. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, పాలు పడని పిల్లవాడి చేతికి వీగన్ బిస్కెట్టు ఇచ్చే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఎలర్జీ ఉన్నవారికి 'ఫ్రీ ఫ్రమ్' అనే ప్రత్యేకమైన అరలు ఉన్నాయి. అక్కడి సరుకుల్లో కొన్ని పాలు అడుగే పెట్టని కర్మాగారాలలో తయారవుతాయి. ఖరీదు మాత్రం మామూలు సరుకు కంటె తరచు ఎక్కువ.

పెద్ద కంపెనీలు ఈ బేరం ఎంతకాలమో పట్టించుకోలేదు. పట్టించుకొన్నప్పుడు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. 2019 నవంబరులో గెలాక్సీ, హేజెల్ గింజల ముద్దతో వీగన్ రకం తెచ్చింది. 2021లో కిట్‌క్యాట్ వచ్చింది. ఆ ఏడే నవంబరులో, గ్లాసున్నర పాల క్యాడ్బరీ సైతం బాదం ముద్ద వేసిన బిళ్ళను విడుదల చేసింది. జనవరి నెలంతా వీగన్‌గా ఉందామని 2014లో ప్రారంభమైన వీగన్యువరీ ఉద్యమం పుణ్యమా అని, ఏటా కొత్త సంవత్సరానికి అరలు కొత్త సరుకుతో నిండుతాయి. అమ్మకాలు తగ్గినప్పుడు అంత చప్పుడు లేకుండానే ఖాళీ అవుతాయి. రుచి మరిగిన సరుకు మరుసటి ఏడు కనబడక తిరిగేవారున్నారు. ఉన్న సరుకైనా పాకం మార్చుకోవచ్చు. అందుకే పదేళ్ళుగా కొంటున్న బిస్కెట్టు పొట్లాన్ని కూడా అనుభవజ్ఞులు ఒకసారి తిప్పి చూస్తారు. ఇంతా చేసి, ఆ కోకో గింజను కోసిన చేతులు ఎవరివో, పశ్చిమాఫ్రికా తోటలలో పసివాళ్ళ చేత కోయించారో ఏమో, వీగన్ ముద్ర చెప్పదు. అది తెలియాలంటే వేరే ముద్ర వెతకాలి.

తెలుగువారికి దగ్గరి దారి ఒకటి ఉన్నది. మన దేశస్థులు ఎక్కువగా ఉన్న లెస్టర్, బర్మింగ్‌హాం, లండను శివారులలోని సూపర్ మార్కెట్లలో భారతీయ సరుకుల అర వేరే ఉంటుంది. బొంబాయి మిక్స్చర్, జంతికల వంటి చక్రాలు, శెనగపప్పు వేపుడు, బెల్లం పాకంలో వేసిన పల్లీ పట్టీ. శెనగపిండి, నూనె, కారం, బెల్లం, పల్లీ. వీగన్ అన్న మాట పుట్టకముందే వీగన్ అయిన తిండి ఇది. ముద్ర ఎవరూ వేయలేదు గనుక గుర్తింపు లేదంతే. చాకొలెట్ తినాలన్న కోరికను పల్లీ పట్టీ తీరుస్తుందని చెప్పడం సాహసమే గాని, జేబుకు మాత్రం అదే మేలు. అక్కడా చదవక తప్పదు. నూనెతో చేసిన చక్రాల పక్కనే వెన్నతో చేసినవీ ఉంటాయి. నేతితో చేసిన పల్లీ పట్టీ కూడా అదే అరలో, అదే రంగు పొట్లంలో ఉంటుంది.